బ్యాకప్ టైమ్‌లో డేటాబేస్ సరిగ్గా 30 సెకన్లు ఆగిపోతోంది, హెచ్‌బీఏ డ్రైవర్ మార్చినా తగ్గలేదు

రాత్రిడ్యూటీ:

అందరికీ నమస్కారం. పదకొండు రోజులుగా ఒకే సమస్యతో కుస్తీ పడుతున్నాను. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

లైనక్స్ మీద నడిచే డేటాబేస్ సర్వర్ ఇది. రెండు పోర్టులున్న 16 గిగాబిట్ ఫైబర్ ఛానెల్ హెచ్‌బీఏ (సర్వర్‌ని స్టోరేజ్‌కి కలిపే కార్డు) ఉంది. ‘ఏ’, ‘బీ’ అని రెండు ఫాబ్రిక్‌లు (విడివిడి స్విచ్ నెట్‌వర్క్‌లు) ఉన్నాయి. ఒక పోర్టు ‘ఏ’ ఫాబ్రిక్ స్విచ్‌కి, రెండోది ‘బీ’ ఫాబ్రిక్ స్విచ్‌కి వెళ్తాయి. స్టోరేజ్‌కి ఒక్కో ఫాబ్రిక్‌లో రెండేసి పోర్టులు, కాబట్టి ఒక్కో లన్‌కి (స్టోరేజ్ ఇచ్చే డిస్క్‌కి) నాలుగు పాత్‌లు (దారులు). సర్వర్ బూట్ అయ్యేది కూడా శాన్ (ఈ స్టోరేజ్ నెట్‌వర్క్) నుంచే, లోపల డిస్కులేమీ లేవు. రెండేళ్ళుగా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

పదకొండు రోజుల కిందట మొదలైంది. రాత్రి 1:30కి బ్యాకప్, దాంతోపాటు బ్యాచ్ జాబులు మొదలవుతాయి. ఆ తర్వాత రెండు మూడు సార్లు డేటాబేస్ మొత్తం బిగుసుకుపోతుంది. ఒక్క కమిట్ (మార్పుని ఖాయం చేసే పని) కూడా ముందుకు కదలదు. 30, 31 సెకన్లు గడిచాక దానంతట అదే మామూలవుతుంది. సిస్టమ్ లాగ్‌లో హెచ్‌బీఏ డ్రైవర్ నుంచి కమాండ్ అబార్ట్ (మధ్యలో రద్దు) చేశానన్న లైను కనిపిస్తుంది, వెంటనే మల్టీపాత్ (ఈ దారులన్నిటినీ చూసుకునే సాఫ్ట్‌వేర్) ఒక పాత్ ఫెయిల్ అయిందంటుంది, కొద్ది సెకన్లకే అదే పాత్ తిరిగి వచ్చిందంటుంది. పగలు మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయడం లేదు.

ఇప్పటిదాకా చేసినవి: కార్డు కంపెనీ సపోర్ట్ వాళ్ళు చెప్పినట్టు కొత్త డ్రైవర్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి రీబూట్ చేశాను. కార్డు ఫర్మ్‌వేర్ కూడా ఎక్కించాను. క్యూ డెప్త్ (ఒక డిస్క్‌కి ఒకేసారి పంపగల కమాండ్ల సంఖ్య) 64 నుంచి 32కి తగ్గించాను. ఏమీ మారలేదు. స్టోరేజ్ టీమ్ తమ వైపు ఒక్క ఎర్రర్ కూడా లేదంటోంది. శాన్ టీమ్ స్విచ్ పోర్టు ఆన్‌లైన్‌లో ఉంది, ఎర్రర్ కౌంటర్లు సున్నా అని స్క్రీన్‌షాట్ పంపింది. వాళ్ళు అబద్ధం చెప్తున్నారని నేను అనుకోవడం లేదు, స్క్రీన్‌షాట్ నా కళ్ళతో చూశాను. కానీ రాత్రి 2 గంటలకి ఫోన్ మోగేది నాకే. ఎత్తి ఏం చెప్పాలో తెలియక, టెన్షన్‌తో రోజూ ఒంటిగంటకే లేచి కూర్చుంటున్నాను.

ఆదివారం ఒక గంట డౌన్‌టైమ్ ఇస్తామన్నారు. కార్డు మార్చేయమని మా మేనేజర్ సలహా. మార్చినా తగ్గకపోతే మళ్ళీ డౌన్‌టైమ్ అడగడం కష్టం. కార్డు మార్చే ముందు ఇంకేం చూడాలి?


ఇనిట్‌రామ్:

ముందు ఒక్క విషయం తేల్చుకోండి. కొత్త డ్రైవర్ ఇన్‌స్టాల్ చేశానన్నారు, బాగానే ఉంది. ఇప్పుడు కెర్నల్‌లో నడుస్తున్నది అదేనా?

చాలామంది మాడ్‌ఇన్ఫో కమాండ్ కొట్టి, కొత్త వెర్షన్ నంబర్ కనిపించగానే పని అయిపోయిందనుకుంటారు. మాడ్‌ఇన్ఫో చూపించేది డిస్క్ మీదున్న ఫైల్ వెర్షన్. మెమరీలో లోడ్ అయి ఉన్న డ్రైవర్ వెర్షన్ కావాలంటే /సిస్/మాడ్యూల్ కింద మీ డ్రైవర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో వెర్షన్ అనే ఫైల్ చదవాలి. క్యూలాజిక్ కార్డయితే ఆ పేరు క్యూఎల్ఏ2ఎక్స్ఎక్స్ఎక్స్, ఎమ్యులెక్స్ అయితే ఎల్‌పీఎఫ్‌సీ. రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడండి.

మీ సర్వర్ శాన్ నుంచి బూట్ అవుతుందన్నారు కాబట్టే నాకీ అనుమానం. రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కావాలంటే అంతకు ముందే హెచ్‌బీఏ డ్రైవర్ లోడ్ అవ్వాలి. అది వచ్చేది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఇమేజ్) నుంచి. కొత్త ప్యాకేజీ వేసినప్పుడు ఆ ఇమేజ్ తిరిగి తయారు కాకపోతే, అందులో పాత డ్రైవరే ఉండిపోతుంది. ఎన్నిసార్లు రీబూట్ చేసినా పాతదే లోడ్ అవుతుంది. ఎల్ఎస్ఇనిట్‌ఆర్‌డీతో ఇమేజ్ లోపల ఏముందో చూడొచ్చు. డ్రాకట్ (ఈ ఇమేజ్ తయారుచేసే టూల్) వాడే సిస్టమ్ అయితే డ్రాకట్ -ఎఫ్ కొట్టి ఇమేజ్ మళ్ళీ కట్టించాలి. దానికి ముందు పాత ఇమేజ్‌ని వేరే పేరుతో కాపీ చేసి పెట్టుకోండి. శాన్ బూట్ సర్వర్‌లో అది పాడైతే సర్వర్ అసలు పైకి రాదు.

క్యూ డెప్త్ సంగతీ ఇంతే. మాడ్‌ప్రోబ్.డీలో (డ్రైవర్ సెట్టింగుల ఫోల్డర్‌లో) రాసిన ఆప్షన్ కూడా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోకి వెళ్తేనే బూట్‌లో అమలవుతుంది. /సిస్/బ్లాక్ కింద ఏదో ఒక ఎస్‌డీ డిస్క్ తీసుకుని, డివైస్ ఫోల్డర్‌లో క్యూ_డెప్త్ చదవండి. 32 ఉందో, 64 ఉందో తెలిసిపోతుంది.


రాత్రిడ్యూటీ:

ఇనిట్‌రామ్ గారూ, మీరన్నదే నిజం. మాడ్‌ఇన్ఫోలో కొత్త నంబర్, /సిస్/మాడ్యూల్‌లో పాత నంబర్. క్యూ డెప్త్ 64 అలాగే ఉంది. అంటే నేను మార్చాననుకున్న వాటిలో రెండు అసలు మారనే లేదు. వాటి మీద ఆధారపడి మేనేజర్‌కి రెండు రిపోర్టులు కూడా పంపాను. చాలా బాధేసింది.

అత్యవసరమని చెప్పి నిన్న రాత్రి పావుగంట డౌన్‌టైమ్ తీసుకున్నాను. పాత ఇమేజ్ కాపీ చేసుకుని, కొత్తది కట్టించి, రీబూట్ చేశాను. ఇప్పుడు రెండు చోట్లా ఒకే వెర్షన్. క్యూ డెప్త్ 32.

అయినా 2:10కి మళ్ళీ అదే కథ. 31 సెకన్లు. ఈసారి డ్రైవర్ నిజంగా మారిందన్నది మాత్రం ఖాయం. సమస్య దానిది కాదన్నట్టేనా? ఆదివారం గంట మాత్రం ఇంకా నా చేతిలోనే ఉంది.


బ్లాక్‌లేయర్:

డ్రైవర్, ఫర్మ్‌వేర్ రెండూ కొత్తవే అయితే మిగిలింది కార్డే కదండీ. మార్చేయండి. ఈలోగా రాత్రులు గడవడానికి డిస్క్ కమాండ్ టైమ్‌అవుట్ 30 నుంచి 120కి పెంచితే అబార్ట్‌లు తగ్గుతాయి. పాత్‌లు ఫెయిల్ అవ్వడం ఆగుతుంది.


గాజుదారం:

బ్లాక్‌లేయర్ గారూ, టైమ్‌అవుట్ పెంచమనే సలహా దయచేసి వెనక్కి తీసుకోండి. అలా చేస్తే ఈయన డేటాబేస్ 30 సెకన్లకి బదులు 120 సెకన్లు ఆగుతుంది. ఎందుకో చెప్తాను.

అసలు ఆధారం ఆ 30లోనే ఉంది. లైనక్స్‌లో ఎస్‌సీఎస్ఐ డిస్క్ కమాండ్‌కి డీఫాల్ట్ టైమ్‌అవుట్ 30 సెకన్లు. స్టోరేజ్ నెమ్మదించి ఉంటే ఆగే సమయం ఒకసారి 8 సెకన్లు, ఒకసారి 19 సెకన్లు, అలా రకరకాలుగా ఉండేది. ప్రతిసారీ 30, 31 వస్తోందంటే ఒక కమాండ్‌కి జవాబే రాలేదు, సర్వర్ గడువు అయ్యేదాకా ఎదురుచూసి అబార్ట్ చేసింది అని అర్థం.

జవాబు ఎలా పోతుంది? ఫైబర్ ఛానెల్‌లో డిస్క్ ట్రాఫిక్ నడిచేది క్లాస్ 3లో. ఇంటర్నెట్‌లో వాడే టీసీపీలో ప్యాకెట్ పోతే మళ్ళీ పంపే ఏర్పాటు ఉంటుంది. ఇక్కడ అది లేదు. దారిలో ఫ్రేమ్ (డేటా ముక్క) చెడిపోతే, అందుకున్న వాడు సీఆర్‌సీ (తప్పుల్ని పట్టే లెక్క) తేడా చూసి పారేస్తాడు, అంతే. పంపిన వాడికి ఆ సంగతి తెలియదు. ఇక ఏ ఫ్రేమ్ పోయిందన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది. రీడ్‌లో డేటా ఫ్రేమ్ ఒకటి పోయిందనుకోండి, చివర్లో రెస్పాన్స్ ఫ్రేమ్ వచ్చినప్పుడు లెక్క తక్కువైందని డ్రైవర్ గమనించి, ఫ్రేములు పడిపోయాయని లాగ్‌లో ఒక లైను రాస్తుంది. ఆ రీడ్ వెంటనే మళ్ళీ వెళ్తుంది. మీకు తెలియనైనా తెలియదు. కానీ పోయింది రెస్పాన్స్ ఫ్రేమే అయితే? స్టోరేజ్ దృష్టిలో పని పూర్తయింది. సర్వర్ దృష్టిలో ఇంకా కాలేదు. గడువు తీరేదాకా ఎవరూ ఏమీ చేయరు.

రైట్ అయితే ఇంకా సున్నితం. సర్వర్ వైపు వచ్చేవి రెండే: డేటా పంపు అనే ట్రాన్స్‌ఫర్ రెడీ ఫ్రేమ్, చివరి రెస్పాన్స్. ఏది పోయినా 30 సెకన్లే. అది డేటాబేస్ లాగ్ ఫైల్‌లోకి వెళ్ళే రైట్ అయితే దాని వెనక ఉన్న కమిట్‌లన్నీ ఆగిపోతాయి. ఒక్క ఫ్రేమ్ పోయినందుకు డేటాబేస్ మొత్తం బిగుసుకుపోయేది ఇలాగే.

మరి పాత్ వెంటనే ఎందుకు బాగవుతోంది? మల్టీపాత్ కొద్ది సెకన్లకోసారి టెస్ట్ యూనిట్ రెడీ అనే కమాండ్ పంపి పాత్‌ని పరీక్షిస్తుంది. అందులో డేటా ఉండదు, పోవడానికో చిన్న ఫ్రేమ్, రావడానికో చిన్న ఫ్రేమ్. బ్యాకప్ చేసే 1 ఎంబీ రీడ్‌కి 2048 బైట్ల చొప్పున 512 డేటా ఫ్రేములు కావాలి. ఆ చిన్న పరీక్ష ఎప్పుడూ పాసవుతుంది, జబ్బు పాత్‌ని మళ్ళీ పనిలోకి దించుతుంది.

కాబట్టి నా అనుమానం కేబుల్, కనెక్టర్, ఎస్‌ఎఫ్‌పీ (కేబుల్ చివర వెలుగుని పంపి, అందుకునే మాడ్యూల్). ఇవి చూసి చెప్పండి. /సిస్/క్లాస్/ఎఫ్‌సీ_హోస్ట్ కింద రెండు పోర్టులకీ రెండు ఫోల్డర్లుంటాయి. ఒక్కోదాంట్లో స్టాటిస్టిక్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఇన్‌వాలిడ్_టీఎక్స్_వర్డ్_కౌంట్, ఇన్‌వాలిడ్_సీఆర్‌సీ_కౌంట్, లాస్_ఆఫ్_సింక్_కౌంట్, లింక్_ఫెయిల్యూర్_కౌంట్ చదవండి. విలువలు హెక్సాలో (16 ఆధారంగా రాసే అంకెల్లో) ఉంటాయి, మామూలు సంఖ్యలనుకుని తీసివేతలు చేయకండి. ఒక్కసారి చూస్తే లాభం లేదు. రెండేళ్ళలో రీబూట్‌లకీ కేబుల్ పీకడాలకీ పెరిగినవి కూడా అందులో కలిసి ఉండొచ్చు. ఒక గంట తేడాతో రెండుసార్లు రాసుకోండి, ఆ తేడానే ముఖ్యం. పగలే చూడండి. లింక్ ఖాళీగా ఉన్నా దాని మీద ఐడిల్ వర్డ్‌లు నిరంతరం నడుస్తూనే ఉంటాయి, చెడిపోతుంటే పగలూ లెక్కకి వస్తాయి.

అలాగే పగటి లాగ్‌లో ఫ్రేములు పడిపోయాయన్న లైన్లు ఉన్నాయేమో వెతకండి. స్విచ్ వైపు, కార్డు వైపు ఎస్‌ఎఫ్‌పీల టీఎక్స్ పవర్ (పంపే వెలుగు), ఆర్‌ఎక్స్ పవర్ (అందుకునే వెలుగు) రాసుకోండి. కార్డు కంపెనీ ఇచ్చే టూల్‌తో హెచ్‌బీఏ వైపు విలువలు కూడా వస్తాయి. లిప్ (లింక్‌ని మళ్ళీ మొదలుపెట్టించే సంకేతం) పంపడం, పోర్టు రీసెట్ చేయడం ఇప్పుడే వద్దు, కౌంటర్లు కలగాపులగమవుతాయి.


జంబోఫ్రేమ్:

ఫైబర్ ఛానెల్ నాకు పెద్దగా రాదు, మాదంతా ఐస్కసీ (మామూలు నెట్‌వర్క్ మీద నడిచే స్టోరేజ్). కానీ పరీక్ష చిన్నదైతే పాసై, పెద్ద ట్రాఫిక్‌కి దెబ్బతినడం నేనూ పడ్డ బాధే, అందుకే రాస్తున్నాను. ఐస్కసీ వాడేవాళ్ళు ఎవరైనా ఇక్కడికొస్తే ఉపయోగపడొచ్చు. మాకు లాగిన్ అయ్యేది, లన్‌లు కనిపించేవి, చిన్న ఫైళ్ళు రాసేవి. పెద్ద కాపీ మొదలుపెడితే వేలాడిపోయేది. సర్వర్‌లో ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) 9000, స్టోరేజ్‌లో 9000, మధ్యలో ఒక స్విచ్ పోర్టు 1500లో ఉండిపోయింది. ముక్కలు చేయకూడదన్న ఆప్షన్ పెట్టి 8972 బైట్లతో పింగ్ కొడితే నిమిషంలో తేలింది. 9000లో ఐపీ హెడర్‌కి 20, ఐసీఎంపీకి 8 పోగా మిగిలేది 8972. మామూలు పింగ్‌తో మూడు రోజులు వృథా చేశాం.

రాత్రిడ్యూటీ గారూ, మీ కార్డు పీసీఐ స్లాట్‌లో పూర్తి వెడల్పుతో ఉందో లేదో కూడా చూడండి. ఎల్ఎస్‌పీసీఐ -వీవీ ఇచ్చే సమాచారంలో లింక్ క్యాప్‌లో 8 లేన్లు ఉండి, లింక్ స్టేటస్‌లో 4 ఉంటే కార్డు సరిగ్గా కూర్చోలేదనో, స్లాట్ తేడా అనో అనుకోవచ్చు.


రాత్రిడ్యూటీ:

అందరికీ ధన్యవాదాలు. పీసీఐ లింక్ రెండు చోట్లా 8 లేన్లే, అది బాగుంది.

గాజుదారం గారూ, ఈరోజు ఉదయం 11కీ, 12కీ కౌంటర్లు రాసుకున్నాను. ‘ఏ’ ఫాబ్రిక్ వైపు పోర్టులో ఒక్క కౌంటరూ కదల్లేదు. బీ ఫాబ్రిక్ వైపు పోర్టులో ఇన్‌వాలిడ్ టీఎక్స్ వర్డ్ 0ఎక్స్1740 నుంచి 0ఎక్స్1992కి వెళ్ళింది. హెక్సా అని మీరు చెప్పకపోతే 252 పెరిగిందని రాసేవాణ్ణి. లెక్కవేస్తే 5952 నుంచి 6546, అంటే గంటలో 594. పట్టపగలు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేని సమయంలో. సీఆర్‌సీ కూడా రెండు పెరిగింది. లాస్ ఆఫ్ సింక్, లింక్ ఫెయిల్యూర్ కదల్లేదు.

లాగ్ వెనక్కి వెళ్ళి వెతికాను. ఫ్రేములు పడిపోయాయన్న లైన్లు పగలు కూడా అక్కడక్కడా ఉన్నాయి. మొదటి లైను సమస్య మొదలైన రోజు మధ్యాహ్నం 3:40కి. అంతకు ముందు రెండేళ్ళ లాగ్‌లో ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళూ అబార్ట్ అనే మాట కోసమే వెతికాను కాబట్టి ఇవి నా కంట పడలేదు.

పవర్ విలువలు: బీ వైపు స్విచ్ ఎస్‌ఎఫ్‌పీ టీఎక్స్ -2.4 డీబీఎం (వెలుగు బలం కొలత). కార్డు వైపు ఆర్‌ఎక్స్ -9.8. ‘ఏ’ వైపు కార్డు ఆర్‌ఎక్స్ మాత్రం -2.6. బీ వైపు స్విచ్‌లో ఆర్‌ఎక్స్ -2.7, అది మంచిదే అంటున్నారు. ఇది కార్డు తప్పేనా? అందుకునేది కార్డే కదా.


గాజుదారం:

ఇంత శుభ్రంగా విలువలు తెచ్చారు, పని సగం అయిపోయింది.

కేబుల్‌లో రెండు గాజుదారాలుంటాయి. ఒకటి స్విచ్ నుంచి సర్వర్‌కి, ఇంకొకటి సర్వర్ నుంచి స్విచ్‌కి. ఎర్రర్ ఎప్పుడూ అందుకునే చివరే లెక్కకి వస్తుంది. మీ స్విచ్ అందుకుంటున్న దారం బాగుంది కాబట్టి స్విచ్‌లో సున్నా. మీ కార్డు అందుకుంటున్న దారం బాగాలేదు కాబట్టి ఎర్రర్లన్నీ సర్వర్‌లో. శాన్ టీమ్ పంపిన స్క్రీన్‌షాట్ నూటికి నూరుపాళ్ళు నిజం, కానీ అది ఒక దిశ గురించే చెప్తుంది. బ్యాకప్ అంటే స్టోరేజ్ నుంచి సర్వర్‌కి వచ్చే రీడ్‌లు. చెడిన దారం మీదే పూర్తి బరువు పడుతోంది.

ఇక పవర్. డీబీ లెక్కలో 3 తగ్గితే వెలుగు సగమైనట్టు. స్విచ్ -2.4తో పంపితే కార్డుకి -9.8 చేరుతోంది, 7.4 డీబీ దారిలో పోయింది. పంపిన వెలుగులో ఐదో వంతు కూడా చేరడం లేదు. మల్టీమోడ్ ఫైబర్ 850 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకి తినేదే 3, 3.5 డీబీ. మీ కేబుల్ కొన్ని పదుల మీటర్లుంటుంది కదా, దానివల్ల పోయేది లెక్కలోకి రాదు. మంచి కనెక్టర్ జత ఒకదాని దగ్గర 0.75 డీబీ మించి పోకూడదు. ఎక్కడో ఒక చోట వెలుగుకి అడ్డం పడుతోంది.

అడ్డం ఎక్కడైనా ఉండొచ్చు: స్విచ్ దగ్గరి కనెక్టర్, ప్యాచ్ ప్యానెల్ (మధ్యలో కేబుళ్ళు కలిసే పలక), కార్డు దగ్గరి కనెక్టర్, ఎక్కడో మడతపడ్డ కేబుల్. కార్డు ఎస్‌ఎఫ్‌పీ రిసీవర్ కూడా కావచ్చు, కాదనను. కానీ కార్డు మార్చితే కేబుల్ పీకి మళ్ళీ పెడతారు. ఆ పీకడం, పెట్టడం వల్లే దుమ్ము కాస్త జరిగి నాలుగు రోజులు బాగుంటే, కార్డు మార్చడం వల్లే బాగైందని నమ్మేస్తారు. అందుకే ఒక్కో చోటే తాకండి, తాకిన ప్రతిసారీ ఆర్‌ఎక్స్ పవర్ చూడండి.

డౌన్‌టైమ్ అవసరం లేదు, ‘ఏ’ వైపు ఆరోగ్యంగా ఉంది. ముందు మల్టీపాత్ -ఎల్ఎల్‌లో ‘ఏ’ వైపు పాత్‌లు రెండూ యాక్టివ్ రెడీ అని నిర్ధారించుకోండి. శాన్ బూట్ కాబట్టి రూట్ డిస్క్‌కి కూడా చూడండి, ఆ ఒక్కటి మర్చిపోతే సర్వర్ పడిపోతుంది. తర్వాత బీ వైపు పోర్టుని స్విచ్‌లో డిజేబుల్ చేయించండి. అప్పుడు కేబుల్ ముట్టుకోండి. చివరలోకి కంటితో చూడకండి, ఆ వెలుగు కంటికి కనిపించదు గానీ కంటిలో పడుతుంది. ఫైబర్ స్కోప్ దొరికితే తప్పకుండా తెప్పించండి. నోటితో ఊదకండి, తేమ అంటుకుని ఇంకా చెడుతుంది. షర్టుతో తుడవకండి. ఎల్‌సీ కనెక్టర్లకి క్లిక్ క్లీనర్ దొరుకుతుంది, అదే వాడండి. రెండు చివరలూ తుడవాలి, ఒక వైపు మురికి రెండో వైపుకి అంటుతుంది.


రాత్రిడ్యూటీ:

దొరికింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అయినా అంతా వివరంగా రాస్తాను.

ఈరోజు సాయంత్రం శాన్ టీమ్ నుంచి ఒకాయన స్కోప్, క్లీనర్ తీసుకుని వచ్చారు. ‘ఏ’ వైపు పాత్‌లన్నీ సరిగ్గా ఉన్నాయని రూట్ డిస్క్‌తో సహా ఇద్దరం కలిసి చూశాం. బీ వైపు పోర్టు డిజేబుల్ చేశాం. డేటాబేస్ కదలకుండా నడిచింది.

మొదట కార్డు దగ్గరి కనెక్టర్ స్కోప్‌లో పెట్టాం. తెరమీద బూడిదరంగు గుండ్రం, మధ్యలో చిన్న వెలుతురు చుక్క, ఎక్కడా మచ్చ లేదు. అయినా తుడిచి పెట్టి పోర్టు ఎనేబుల్ చేసి చూస్తే ఆర్‌ఎక్స్ -9.7. మళ్ళీ డిజేబుల్. స్విచ్ దగ్గరిది చూశాం, అదీ శుభ్రమే. -9.8.

ఇక ప్యాచ్ ప్యానెల్. సర్వర్ వైపు వచ్చే దారం కనెక్టర్ తీసి స్కోప్‌లో పెట్టగానే ఇద్దరం ఒకేసారి "అమ్మో" అన్నాం. గుండ్రం మీద వేలిముద్రలా వంకర గీతలు, వాటి మధ్య నూనె మరకలాంటి పొర, అది సరిగ్గా మధ్య చుక్కని కప్పేసి ఉంది. ఆ చుక్క 50 మైక్రాన్లే అని ఆయన చెప్పారు. పొడి క్లీనర్‌తో ఒకసారి తుడిస్తే మరక పక్కకి జరిగింది గానీ పోలేదు. రెండోసారికీ సగం ఉంది. అప్పుడు క్లీనింగ్ ద్రవం అద్దిన వైప్ మీద ఒక్కసారి ఒకే దిశలో లాగి, వెంటనే పొడి భాగం మీద లాగారు. స్కోప్‌లో పెడితే ఖాళీ గుండ్రం. ప్యానెల్ కప్లర్ (రెండు కనెక్టర్లని కలిపే భాగం) లోపలా, అవతలి వైపు కనెక్టర్‌కీ అలాగే చేశారు.

పెట్టి ఎనేబుల్ చేస్తే ఆర్‌ఎక్స్ -2.9.

ప్యానెల్ దగ్గర నిలబడే మా డేటా సెంటర్ పనుల రిజిస్టర్ తీయించాను. సమస్య మొదలైన రోజు మధ్యాహ్నమే పక్క ర్యాక్‌లో కొత్త సర్వర్‌కి కేబుళ్ళు లాగారు. అదే ప్యానెల్‌లో. మా కనెక్టర్ తీసి, దారి ఇచ్చి, మళ్ళీ పెట్టి ఉంటారు. ఎవరినీ తప్పుపట్టాలని లేదు, క్యాప్ పెట్టకుండా వేలు తగిలితే చాలట.

అప్పటి నుంచి గంటకోసారి కౌంటర్లు చదివి ఫైల్లో రాసే చిన్న స్క్రిప్ట్ పెట్టాను. ఐదు గంటలైంది, ఒక్క అంకె కదల్లేదు. రాత్రి బ్యాకప్ అయ్యాక మళ్ళీ రాస్తాను.


రాత్రిడ్యూటీ:

మూడు రాత్రులు అయ్యాయి. బ్యాకప్ ఒక్కసారీ ఆగలేదు. ఇన్‌వాలిడ్ టీఎక్స్ వర్డ్ తేడా సున్నా, సీఆర్‌సీ తేడా సున్నా. నిన్న రాత్రి ఫోన్ మోగలేదు, పొద్దున్నదాకా పడుకున్నాను. ఆదివారం డౌన్‌టైమ్ వద్దని చెప్పేశాను.

ఇంకో రెండు ప్రశ్నలు. ఇలాంటి సగం చెడిన పాత్‌ని మల్టీపాత్ తనంతట తాను పక్కన పెట్టే దారి ఏదైనా ఉందా? కొత్త డ్రైవర్ అలాగే ఉంచాలా, పాతదానికి వెళ్ళాలా?


గాజుదారం:

చాలా సంతోషం. ఉంది. మల్టీపాత్ కాన్ఫిగ్‌లో మార్జినల్_పాత్ అని మొదలయ్యే సెట్టింగులు చూడండి. శాంపిల్ టైమ్, ఎర్రర్ రేట్ థ్రెషోల్డ్, రీచెక్ గ్యాప్ టైమ్, డబుల్ ఫెయిల్డ్ టైమ్, ఈ నాలుగూ ఇస్తేనే పనిచేస్తుంది. పాత్ తక్కువ వ్యవధిలో రెండుసార్లు ఫెయిల్ అయితే దాని మీద కొంతసేపు పరీక్ష రీడ్‌లు నడిపి, ఎర్రర్లు హద్దు దాటితే తిరిగి పనిలోకి రానివ్వదు. శాంపిల్ టైమ్ కనీసం 120 సెకన్లు ఉండాలి. ముందు టెస్ట్ సర్వర్‌లో పెట్టి చూడండి. మీ స్క్రిప్ట్ మాత్రం తీసేయకండి, ఆర్‌ఎక్స్ పవర్ కూడా రోజుకోసారి అందులో రాయించండి.


ఇనిట్‌రామ్:

డ్రైవర్ గురించి: మీ స్టోరేజ్ కంపెనీ ఇచ్చే కంపాటిబిలిటీ పట్టికలో కార్డు మోడల్, ఫర్మ్‌వేర్, డ్రైవర్, కెర్నల్ నాలుగూ ఒకే వరుసలో ఉంటే ఉంచేయండి. లేకపోతే వరుసలో ఉన్నదానికి మారండి. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, కెర్నల్ అప్‌డేట్ చేసినప్పుడు విడిగా వేసిన డ్రైవర్ కొత్త కెర్నల్‌కి సరిపోకపోతే దానితో వచ్చే సొంత డ్రైవరే లోడ్ అవుతుంది. అప్‌డేట్ తర్వాత రీబూట్ చేశాక /సిస్/మాడ్యూల్‌లో వెర్షన్ మళ్ళీ చదవండి. దాన్ని కూడా ఆ స్క్రిప్ట్‌లోనే ఒక లైనుగా పెట్టేస్తే సరి.